స్ప్రూస్ చెట్లకు వోలాస్టోనైట్ గుళికలు: కొనొచ్చు, కానీ ఓపిక ఉండాలి

మేముండేది అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో, ఇంటి వెనకంతా ఆకులు సూదుల్లా ఉండే రెడ్ స్ప్రూస్ చెట్లే. చలికాలం వెళ్లేసరికి కొమ్మల చివర్లు ఎర్రగా మాడిపోతున్నాయంటే తెగులనుకుని మందు కొట్టకండి, ముందు దగ్గరికెళ్లి చూడండి. కిందటి వేసవిలో వచ్చిన కొత్త సూదులు మాత్రమే తుప్పు రంగుకు తిరిగి, లోపలి పాతవి పచ్చగా ఉంటే అది చాలావరకు చలిదెబ్బే. ఏళ్ల తరబడి పడ్డ ఆమ్ల వర్షాలు మట్టిలో కాల్షియాన్ని కడిగేశాయి, సూదుల్లోంచి కూడా లాగేశాయి, అది తగ్గిన ఆకు గడ్డకట్టే చలిని తట్టుకోలేదు.

ఈ వోలాస్టోనైట్ గుళికలు కాల్షియం సిలికేట్ ఖనిజం. మా రాష్ట్రంలోని హబ్బర్డ్ బ్రూక్ ప్రయోగ అడవిలో 1999 అక్టోబరులో 11.8 హెక్టార్ల మీద హెలికాప్టర్‌తో చల్లింది ఈ ఖనిజాన్నే. 2003లో ఈ ప్రాంతమంతా స్ప్రూస్‌కు చలిదెబ్బ తగిలినప్పుడు, ఖనిజం చల్లకుండా వదిలేసిన చోట ఎత్తయిన చెట్లు పోగొట్టుకున్న కొత్త ఆకు చల్లిన చోటికంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ. నేను కొన్నది అది చదివే. ఊళ్లో నాన్నకి ఫోన్‌లో చెబితే, వేరుశనగకి ఊడలు దిగేటప్పుడు జిప్సం వేసినట్టేగా అన్నారు.

వాడటం సులువు. దుమ్ము లేవదు, తవ్వక్కర్లేదు, రాలిన సూదుల మీదే చల్లేస్తే వానలకి మెల్లగా కరుగుతుంది. మామూలు సున్నం కంటే ధర బాగా ఎక్కువ. నేను కొన్న సంచి మీద నెలలో పచ్చబడుతుందని రాశారు, అది మాత్రం శుద్ధ అబద్ధం, మాడిన సూది మళ్లీ పచ్చబడదు, రాలిపోతుంది, అసలు తేడా చూడాల్సింది తర్వాతి చలికాలాలు దాటి వచ్చిన కొత్త చిగుళ్లలో. మా చెట్లకి ఈ మార్చిలో చల్లిన వైపు చివర్లు చాలావరకు పచ్చగానే నిలిచాయి, చల్లకుండా వదిలేసిన వైపు అక్కడక్కడా ఎర్రబడ్డాయి. ఈసారి చలి కూడా అంత గట్టిగా లేదు కాబట్టి క్రెడిట్ మొత్తం దీనికే ఇవ్వను.

ఒక్క మాట గట్టిగా చెబుతా, మట్టి పరీక్ష చేయించకుండా వేయొద్దు. స్ప్రూస్‌కి కాస్త ఆమ్లంగా ఉన్న నేలే ఇష్టం, కాల్షియం తక్కువ లేని చోట గుమ్మరిస్తే మట్టి పీహెచ్ పెరిగి, అంటే ఆమ్లగుణం తగ్గి, ఇనుము అందక సూదులు పసుపెక్కుతాయి. బ్లూబెర్రీ పొదలకీ ఆమ్ల నేలే కావాలి, వాటి దగ్గరికైతే అసలు పోనివ్వకండి.

ఐదుకి నాలుగు ఇస్తున్నా, తగ్గించిన ఆ ఒక్కటి సంచి మీది రాతకి.