ఖార్తూమ్ సలాం గుండె ఆసుపత్రి: ఆపరేషన్ తర్వాతే అసలు పరీక్ష

సూడాన్ రాజధాని ఖార్తూమ్ శివార్లలో, సోబా దగ్గర ఇటలీ సేవాసంస్థ ‘ఎమర్జెన్సీ’ 2007లో తెరిచిన ఆసుపత్రి ఇది. ఓపీ నుంచి ఓపెన్ హార్ట్ సర్జరీ దాకా, ఐసీయూ, మందులతో సహా రోగి దగ్గర ఏమీ తీసుకోరు. ఇంత ఖరీదైన వైద్యాన్ని పూర్తిగా ఉచితంగా ఇవ్వడం నిజంగా గొప్ప విషయం.

రోగుల్లో ఎక్కువమంది రుమాటిక్ జ్వరంతో (గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే జబ్బు) గుండె కవాటాలు పాడైన చిన్న వయసువాళ్లే. మెకానికల్ వాల్వ్ (కృత్రిమ కవాటం) వేస్తే చాలా ఏళ్లు మన్నుతుంది, కానీ జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మింగాలి. గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ అయితే రక్తపరీక్షలో ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే అంకె) సాధారణంగా 2.5–3.5 మధ్య ఉండాలి. తగ్గితే గడ్డకట్టి వాల్వ్ ఇరుక్కుపోతుంది, పక్షవాతం రావచ్చు. పెరిగితే రక్తస్రావం. గర్భిణులకైతే ఈ మందు కడుపులో బిడ్డకే ముప్పు. అందుకే ఆడపిల్లలకు ఏ వాల్వ్ వేయాలన్నది ముందే కుటుంబంతో కూర్చుని తేల్చాలి.

లోటల్లా దూరమే. 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలయ్యాక కూడా ఆసుపత్రి పని ఆపలేదు. కానీ ఊళ్లు విడిచిపోయిన రోగులు నెలనెలా పరీక్షకు ఎలా వస్తారు? వేలి చుక్కతో ఐఎన్ఆర్ చూసే చిన్న యంత్రాలు, మూడు నాలుగు వారాలకోసారి వేసే బెంజాథీన్ పెన్సిలిన్ (పెద్దలకు 12 లక్షల యూనిట్లు) వాళ్లు తలదాచుకున్న శిబిరాలకు చేరాలి. ఆ పెన్సిలిన్ ఇంజెక్షన్ తప్పితే రుమాటిక్ జ్వరం తిరగబెట్టి, మిగిలిన కవాటాలనూ తినేస్తుంది.