రెండు పోర్షన్ల మధ్య గోడకు సౌండ్‌ప్రూఫింగ్: నాలుగేళ్ళు వాడాక

మల్కాజిగిరిలో మా ఇంటి పై అంతస్తు మా మామగారు కట్టించినప్పుడు ఒకటే ఇల్లు. పెద్ద హాలు, మూడు గదులు. పిల్లలు తలో ఊరు వెళ్ళిపోయాక హాలు మధ్యలో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ లేపి, రెండు పోర్షన్లు చేసి అద్దెకిచ్చాం. పడకగదుల మధ్య అప్పటికే ఉన్న తలుపును తీసేయలేదు. ఇటు ప్లైవుడ్, అటు ప్లైవుడ్ కొట్టించి పెయింట్ వేయించాం. చూసేవాళ్ళకు గోడలాగే ఉండేది.

ఖాళీ చేసేటప్పుడు అద్దెకున్నవాళ్ళు నీళ్ళ సంగతో, ఆఫీసు దూరమనో ఏదో ఒక కారణం చెప్పేవారు. 2020లో కుడివైపు పోర్షన్‌లో ఉన్న అమ్మాయి అద్దె ఇవ్వడానికి కిందికి వచ్చినప్పుడు అసలు మాట చెప్పింది. "ఆంటీ, పక్కవాళ్ళు టీవీ గట్టిగా పెడుతున్నారని మేం చెప్పాం కదా, వాళ్ళు కూడా మా గురించి అదే చెప్పి ఉంటారు. మేం చూడ్డానికి పెట్టం ఆంటీ. డబ్బుల సంగతి మాట్లాడుకోవాలంటే సౌండు పెంచుతాం. లేకపోతే అటు అంతా వినపడుతుంది." ఎడమవైపు వాళ్ళను అడిగితే వాళ్ళదీ అదే మాట. తమ మాట పక్కకు వినపడకూడదని రెండు కుటుంబాలూ పోటీగా టీవీలు పెంచుకుంటూ వచ్చాయి. నెలనెలా అద్దె తీసుకుంటూ వాళ్ళను గుసగుసల్లో బతికేలా చేసింది మేమే కదా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2021లో రెండు పోర్షన్లూ ఖాళీ అయ్యాయి. వైరింగు, బాత్‌రూమ్ పైపులు ఎలాగూ మార్చాలి కాబట్టి అదే పనిలో గోడ సంగతి కూడా తేల్చాలనుకున్నాం. ఆ తర్వాత కుడివైపు పోర్షన్‌లోకి నేనూ మావారూ మారాం, ఎడమవైపుది అద్దెకిచ్చాం. అంటే ఈ నాలుగేళ్ళూ ఆ గోడ పక్కన నిద్రపోయింది నేనే. విన్నదే రాస్తున్నాను.

ముందు చేసిన తప్పుతో మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువమంది అక్కడే డబ్బు పోగొట్టుకుంటున్నారు. కోడిగుడ్ల ట్రేలా గుంటలు గుంటలుగా ఉండే నల్ల ఫోమ్ షీట్లు తెప్పించి పడకగది గోడంతా అతికించాం. తొమ్మిది వేలు అయింది. గదిలో మాట్లాడితే మన గొంతు మెత్తగా వినపడింది, ప్రతిధ్వని పోయింది. కానీ పక్క గదిలో రేడియో పెడితే వార్తలు పొల్లు పోకుండా వినపడ్డాయి. గది లోపల తిరిగే శబ్దాన్ని పీల్చుకోవడం వరకే ఆ ఫోమ్ పని. రికార్డింగు గదులకు అది బాగా పనికొస్తుంది. గోడ దాటే శబ్దాన్ని ఆపడానికి బరువు ఉండాలి, దానికి బరువే లేదు. రెండు వారాలకే పీకేశాం, దాంతోపాటు పెయింటు కూడా ఊడి వచ్చింది.

అసలు మన ఎర్ర ఇటుక గోడ చెడ్డదేం కాదు. నాలుగున్నర అంగుళాల గోడ రెండువైపులా ప్లాస్టరింగుతో చదరపు మీటరుకు 200 కిలోలకు పైనే తూగుతుంది. (ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో వాడే ఏఏసీ బ్లాకు, అంటే లోపలంతా గాలి బుడగలుండే తేలిక సిమెంటు బ్లాకు, ఇటుక బరువులో మూడో వంతే ఉంటుంది. అంతే మందంలో కట్టిన బ్లాకు గోడ నుంచి శబ్దం ఎక్కువ వస్తుంది.) అలాగని పక్కనే ఇంకో వరస ఇటుక పేర్చుకుంటూ పోవడం దండగ. శబ్దాన్ని డెసిబెళ్ళలో కొలుస్తారు. గోడ బరువు రెట్టింపు చేసినా అదనంగా ఆగేది ఐదారు డెసిబెళ్ళే. మన చెవికి శబ్దం సగానికి తగ్గినట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెళ్ళు తగ్గాలి. పై అంతస్తులో స్లాబు మీద అంత బరువు పెట్టడం కూడా మంచిది కాదు.

కాబట్టి గోడను పెంచే ముందు గోడలో ఎక్కడ లోపం ఉందో వెతికాం. రాత్రి కరెంటు ఆపేసి, ఒకరు అటువైపు గట్టి టార్చి పట్టుకుంటే ఒకరు ఇటువైపు చీకట్లో నిలబడి చూశాం. వెలుగు వచ్చిన చోటల్లా సుద్దతో గీత పెట్టాం. ప్లైవుడ్ కొట్టిన తలుపు అంచుల్లో సన్నగా వెలుగు గీతలు. హాల్లో అటు స్విచ్‌బోర్డు, ఇటు స్విచ్‌బోర్డు సరిగ్గా వీపు వీపు ఆనించినట్టు ఉన్నాయి. ప్లేట్లు తీస్తే రెండు డబ్బాల మధ్య ఇటుక లేనే లేదు. గోడ పైఅంచుకూ బీముకూ మధ్య మేస్త్రి కుక్కిన సిమెంటు ఎండి కుంగిపోయి, పొడవునా చీలిక ఇచ్చింది. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది లాఫ్టు. కింద నుంచి కనపడదు కదా అని లాఫ్టు పైన గోడకు ప్లాస్టరింగే చేయలేదు. ఇటుకల సందుల్లో వేలు పట్టేంత ఖాళీలు.

ఒక లెక్క అప్పుడే తెలుసుకున్నాను. గోడ వైశాల్యంలో నూరో వంతు తెరిచి ఉంటే, మిగతా గోడ ఎంత గట్టిదైనా మొత్తం మీద ఆగేది 20 డెసిబెళ్ళే. వెయ్యో వంతు తెరిచి ఉంటే 30. మా హాలు గోడ 160 చదరపు అడుగులు. అందులో వెయ్యో వంతు అంటే 23 చదరపు అంగుళాలు, ఒక స్విచ్‌బోర్డు డబ్బా అంత. అంత చిన్న రంధ్రం ఉన్నా, శబ్దం ఆపడానికి గోడ మీద వేసే ఖరీదైన బోర్డులన్నీ వృథానే.

తలుపు చట్రంతో సహా పీకించి ఇటుకతో కట్టించాం. ఒకవైపు స్విచ్‌బోర్డును రెండడుగులు పక్కకు జరిపి, పాత చోట ఇటుక ముక్కలు, సిమెంటు నింపాం. పైఅంచు చీలికను వెడల్పు చేసి సిమెంటు కూరాక, ఎండినా గట్టిపడకుండా రబ్బరులా సాగే సీలెంటు పట్టించాం. లాఫ్టు గోడకు రెండువైపులా ప్లాస్టరింగు. ఈ పనులన్నిటికీ 14 వేలు అయింది. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టి చూశాను. దాని అంకెలు కచ్చితం కావు, అదే ఫోను అదే చోట పెట్టి ముందూ తర్వాతా పోల్చుకోవడానికే. పక్క గదిలో టీవీ దగ్గర 75 డెసిబెళ్ళు చూపిస్తున్నప్పుడు, ఈ పనులకు ముందు మా వైపు 47 ఉండేది, తర్వాత 39కి వచ్చింది. అప్పటికి ఒక్క బోర్డు కూడా వేయలేదు. డబ్బు తక్కువగా ఉన్నవాళ్ళు ఇంతవరకే చేయించి ఆగినా చాలు, నిశ్చింతగా చెప్తాను.

ఆ తర్వాత మా వైపు గోడ ముందు ఇంకో పలచని గోడ నిలబెట్టించాం. జీఐ (జింకు పూత వేసిన ఇనుప రేకు) చానెళ్ళ చట్రం, మధ్యలో రెండంగుళాల రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పీచు) పలకలు, పైన రెండు వరసల జిప్సం బోర్డు. సామాను అందరూ వాడేదే. తేడా అంతా బిగించే పద్ధతిలో ఉంది. ఫాల్స్ సీలింగు చేసే పనివాళ్ళు చట్రాన్ని ఇటుక గోడకే స్క్రూలతో బిగించబోయారు. "అట్లయితేనే గట్టిగుంటదమ్మా" అన్నారు. గట్టిగా ఉండేమాట నిజమే, కానీ ఇటుక అదిరినప్పుడు ఆ అదురు స్క్రూల గుండా బోర్డుకు వచ్చేస్తుంది, రెండు గోడలు మళ్ళీ ఒక్క గోడే అవుతాయి. చట్రం ఇటుకను ఎక్కడా తాకకూడదని, అరంగుళం ఖాళీ ఉండాలని పట్టుబట్టాను. కిందా పైనా చానెల్ కింద రబ్బరు టేపు వేయించాం. రాక్‌వూల్‌ను కుక్కకుండా వదులుగా నిలబెట్టించాం. మొదటి వరస బోర్డుల అతుకుల మీద రెండో వరస అతుకులు పడకుండా చూసుకున్నాం. నాలుగు అంచుల్లోనూ పావంగుళం సందు వదిలి, పుట్టీతో కాకుండా సీలెంటుతో నింపించాం. రాక్‌వూల్ కోసేటప్పుడు పనివాళ్ళకు మాస్కులు, పొడుగు చేతుల చొక్కాలు, గ్లవుజులు తప్పకుండా ఇప్పించండి, ఆ దురద మామూలుగా ఉండదు.

హాలు, పడకగది గోడలు కలిపి 280 చదరపు అడుగులు. అడుగుకు 160 రూపాయల లెక్కన 44,800 అయింది. గదిలో మూడున్నర అంగుళాలు తగ్గింది. చిన్న పడకగదిలో బీరువా తలుపు పూర్తిగా తెరుచుకోవడానికి మంచం కాస్త జరపాల్సి వచ్చింది, అంతే.

నాలుగేళ్ళలో ఎలా ఉందంటే, మాటల శబ్దం దాదాపు లేదు. టీవీ 75 దగ్గర ఉంటే మా వైపు ఫోను 35 చూపించింది. ఫ్యాను, లైటు అన్నీ ఆపిన ఖాళీ గదిలోనూ అదే 35 చూపిస్తుంది, అంటే ఆ ఫోను అంతకంటే కిందికి కొలవలేదు. అంకెల కంటే నాకు నమ్మకం కలిగించింది చలికాలం. ఎండాకాలం కూలరు మోత, ఫ్యాను చప్పుడు ఏ గోడ లోపాన్నైనా కప్పేస్తాయి. జనవరి రాత్రి అన్నీ ఆపేశాక తెలుస్తుంది గోడ సత్తా. పక్కింట్లో 2022 నుంచి ఒకే కుటుంబం ఉంటోంది. చంటిబిడ్డ గుక్కపెట్టి ఏడిస్తే ఎక్కడో దూరంగా ఉన్నట్టు వినపడుతుంది, మాట మాత్రం వినపడదు. వాళ్ళు ఏ సీరియల్ చూస్తారో నాకు తెలియదు. మా ఇంట్లో ఏం మాట్లాడుకున్నా వాళ్ళకు తెలియదు. గోడకు ఒకవైపే బోర్డు వేశాం కదా, రెండోవైపు వాళ్ళకు ఉపయోగం ఉంటుందా అని చాలామంది అడిగారు. మాటలకు, టీవీకి రెండువైపులా సమానంగానే పనిచేస్తుంది.

ఏమీ మారనివి కూడా చెప్పాలి. పొద్దున్నే పచ్చడికి మిక్సీ వేస్తే, బోర్డులు వేశాక కూడా ముందులాగే వినపడేది. వంటింటి గ్రానైటు గట్టు గోడలోకి దిగి ఉంది. మిక్సీ అదురు గట్టులోంచి గోడలోకి, గోడలోంచి స్లాబులోకి వెళ్తుంది. గాల్లో వచ్చే శబ్దం వేరు, తగిలి వచ్చే శబ్దం వేరు. రెండోదానికి మా హాల్లో వేసిన బోర్డులు ఏం చేయగలవు? రెండు ఇళ్ళలోనూ మిక్సీ కింద అరంగుళం రబ్బరు మ్యాటు పెట్టాం, దానికి మాత్రం స్పష్టంగా తగ్గింది. కుర్చీ కాళ్ళకు తొడిగే రబ్బరు బిళ్ళలు కూడా అంతే, యాభై రూపాయల వస్తువు చాలా మేలు చేసింది. ఇక రైళ్ళు. గోడ నిశ్శబ్దమయ్యాక స్టేషన్ వైపు నుంచి వచ్చే హారన్లు ఇదివరకటికంటే బాగా వినపడుతున్నాయి. అవి కిటికీలోంచి వచ్చేవి. వినాయకచవితికి వీధిలో పెట్టే డీజే దెబ్బ కూడా తగ్గదు, అంత బరువైన శబ్దాన్ని ఇలాంటి పలచని గోడ ఆపలేదు.

చెడిపోయినవి రెండు. 2022 వానాకాలంలో డాబా మీద నుంచి తేమ దిగి, హాలు గోడ మూలలో కింది బోర్డు ఉబ్బింది. తేమ వెనకాల ఉంటుంది, బయటకు కనపడేసరికి ఆలస్యమైపోతుంది. ముందే డాబాకు వాటర్‌ప్రూఫింగు చేయించి ఉండాల్సింది. రెండడుగుల ముక్క కోసి, తేమను తట్టుకునే ఆకుపచ్చ బోర్డు వేయించాం, రాక్‌వూల్ ఆరబెట్టి మళ్ళీ పెట్టాం. డాబా నుంచి, బాత్‌రూమ్ నుంచి చెమ్మ వచ్చే గోడ అయితే ముందు దాని సంగతి చూడకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

రెండోది మా టీవీ. గోడకు బిగించడానికి వచ్చిన అబ్బాయి, జిప్సం బోర్డు బరువు మోయదని, ఆరంగుళాల యాంకర్ బోల్టులు బోర్డును దాటించి ఇటుకలోకి కొట్టాడు. నేను వంటింట్లో ఉన్నాను. ఆ వారమే పక్కింటి అమ్మాయి వచ్చి, "ఆంటీ, మీ టీవీలో మాట రావట్లేదు కానీ దుమ్ దుమ్మని వస్తోంది" అంది. నాలుగు బోల్టులు మొత్తం పని విలువ తగ్గించాయి. తీయించి, రంధ్రాలు సీలెంటుతో మూయించి, టీవీని స్టాండు మీద పెట్టుకున్నాం. టీవీ గోడకే కావాలనుకునేవాళ్ళు బోర్డులు వేసేటప్పుడే ఆ చోట చట్రానికి ప్లైవుడ్ ముక్క బిగించమని చెప్పండి, బరువు చట్రమే మోస్తుంది. అద్దెకిచ్చే వైపు బోర్డు వేస్తే, మేకులు, బోల్టులు ఎంత లోతు వరకు కొట్టవచ్చో అద్దె ఒప్పందంలో రాసుకోండి.

ఇంకా మిగిలింది ముఖద్వారాలు. మెట్ల దగ్గర రెండు తలుపులూ పక్కపక్కనే ఉన్నాయి, రెండిటి కిందా అరంగుళం సందు. గోడలోంచి రాని మాట ఇప్పుడు వరండా చుట్టి అక్కడి నుంచి వస్తోంది. చట్రానికి రబ్బరు పట్టీ, తలుపు కింద జారే రబ్బరు పట్టీ కోసం వడ్రంగి కొలతలు తీసుకెళ్ళాడు. రెండు తలుపులకూ కలిపి చేయమన్నాను, ఒక్క మా తలుపుకే చేస్తే లాభం లేదు.