మూడు నెలల సూదా, ఒక్కసారి ఆపరేషనా: ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఏది మేలు?

ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని స్కాన్‌లో తేలాక మన కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న ఇదే: సూది వేయిస్తూ పోవాలా, బీజాలు తీయించెయ్యాలా? రెండింటి పనీ ఒకటే. గడ్డకు మేత టెస్టోస్టిరాన్ హార్మోన్. అది డెసిలీటరుకు 50 నానోగ్రాముల కిందికి దిగాలి. దించడంలో రెండూ సమానమే. ఒంట్లో ఆవిర్లు, కోరిక చావడం, ఎముకలు గుల్లబారడం, షుగర్ పెరగడం కూడా రెండింటిలోనూ ఉంటాయి. వాటిని చూసి ఎంచుకోలేం.

తేల్చేది తేదీ. ల్యూప్రొలైడ్ 22.5 మిల్లీగ్రాముల సూది పనిచేసేది సుమారు 12 వారాలు. దాటిపోతే హార్మోన్ మళ్లీ లేవొచ్చు. ఒంటికేమీ తెలియదు, రక్తపరీక్షలోనే బయటపడుతుంది. ఆదోని, కోసిగి వైపు కొడుకూ కోడలూ సుగ్గికని, అంటే కూలి పనులకు వలసగా, గుంటూరు పోతే పెద్దాయన్ను ఆసుపత్రికి పిలుచుకుపోయేదెవరు? అలాంటి ఇంటికి ఆపరేషనే మేలంటాను. సూదే కావాలంటే, ఎన్టీఆర్ వైద్య సేవ కింద అది ఎక్కడ వేస్తారో ముందే ఆరోగ్యమిత్రను అడిగి పెట్టుకోవాలి.

మొదటి సూదికి ఇంకో చిక్కుంది. హార్మోన్ తగ్గే ముందు వారం పది రోజులు పెరుగుతుంది. వెన్నెముకలో గడ్డ ఉంటే ఆ పొంగుకు కాళ్లు పడిపోవచ్చు, మూత్రం ఆగిపోవచ్చు. అందుకే ఆ హార్మోన్ పనిని అడ్డుకునే బైకాలుటమైడ్ మాత్ర ముందుగా మొదలుపెట్టి కొన్ని వారాలు వాడిస్తారు. ఆ మాత్ర ఊసే లేకుండా సూది వేయబోతే అడగండి. ఆపరేషన్‌లో పొంగు లేదు, ఒక రోజులోపే హార్మోన్ పడిపోతుంది. కాళ్లు ఇప్పటికే తిమ్మిరెక్కి బలం తగ్గుతుంటే మాత్రం ఏది మేలని ఆలోచిస్తూ కూర్చోకూడదు, ఆ రోజే ఆసుపత్రిలో ఉండాలి.

ఆపరేషన్ చిన్నదే, నడుముకు మత్తిచ్చి చేస్తారు. మగవాళ్లు జంకేది సంచి ఖాళీగా కనిపిస్తుందని. పైపొర ఉంచి లోపలి కండ మాత్రమే తీసే పద్ధతి కూడా ఉంది. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, లేకుంటే సంచిలో నెత్తురు గడ్డకట్టి వాయొచ్చు.

రేడియేషన్‌తో పాటు ఆరు నెలలో, రెండు మూడేళ్లో మాత్రమే హార్మోన్ ఆపాల్సినవాళ్లకు సూదే సరి. తీసేసింది తిరిగి రాదు కదా. డెగారెలిక్స్ అనే ఇంకో సూదికి పొంగు లేదు గానీ నెలనెలా వేయించాలి, తేదీల బాధ మూడింతలు.

ఏది చేయించినా, గడ్డ అదుపులో ఉందో లేదో చూసే పీఎస్‌ఏ రక్తపరీక్ష తప్పదు. చాలామందికి ఇప్పుడు అబిరాటిరాన్ లాంటి మాత్ర కూడా కలుపుతారు. అబిరాటిరాన్ అయితే తిన్నాక రెండు గంటలాగి మింగాలి, మింగాక గంటసేపు తినకూడదు. అది సూదికి తోడే. మాత్ర మొదలైంది కదా అని సూది మానేసేవాళ్లున్నారు. ఆపరేషన్ అయినవాళ్లకు ఆ పొరపాటుకు చోటే లేదు.