గోల్డ్‌హోఫర్ టీహెచ్‌పీ/ఎస్ఎల్ హైడ్రాలిక్ ట్రైలర్ రివ్యూ: టన్నులకంటే ముందు ఫ్రేమ్ చూడండి

పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల నుంచి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ నుంచి టర్బైన్ భాగాలు రోడ్డెక్కాలంటే మామూలు లోబెడ్ (తక్కువ ఎత్తు ట్రైలర్) చాలదు. ముందొక పుల్లర్ (లాగే లారీ), అవసరమైతే వెనకొక పుల్లర్, మధ్యలో బారులు తీరిన చిన్న చక్రాలతో ఉండే హైడ్రాలిక్ యాక్సిల్ ట్రైలర్ కావాలి. జర్మనీలోని మెమ్మింగెన్‌లో తయారయ్యే గోల్డ్‌హోఫర్ టీహెచ్‌పీ/ఎస్ఎల్ ఈ తరగతిలో పేరున్న బండి. నిస్సందేహంగా మంచి బండి. కానీ కొనేవాళ్ళూ అద్దెకు తీసుకునేవాళ్ళూ మొదట చూసేది కేటలాగ్‌లోని టన్నుల అంకెనే. మన రోడ్ల మీద ఆ అంకె పూర్తిగా వాడుకునే అవకాశం దాదాపు రాదు.

ఎందుకో చూడండి. మాడ్యూల్ (ఒకదానికొకటి కలిపి పొడవు పెంచుకునే ట్రైలర్ ముక్క) వెడల్పు 3 మీటర్లు, లైన్‌కూ (అడ్డంగా ఉండే చక్రాల వరస) లైన్‌కూ మధ్య దూరం 1.5 మీటర్లు, ఒక్కో లైన్‌కు 8 టైర్లు. మన చట్టం ప్రకారం మాడ్యులర్ హైడ్రాలిక్ ట్రైలర్‌కు లైన్‌కు 18 టన్నులే హద్దు. 2018 జులైలో మిగతా లారీల యాక్సిల్ బరువులు పెంచినప్పుడు కూడా ఇది 18 దగ్గరే ఉండిపోయింది. నెమ్మదిగా నడిపితే ట్రైలర్ ఇంతకంటే చాలా ఎక్కువ మోస్తుంది, కానీ వంతెన ఒప్పుకోదు. లైన్ సొంత బరువు సుమారు 4 టన్నులు తీసేస్తే సరుక్కి మిగిలేది 14.

220 టన్నుల ట్రాన్స్‌ఫార్మర్ అనుకుందాం. కింద వేసే బీములు, చైన్లు కలిపి 228. దాన్ని 14తో భాగిస్తే 16కు పైన వస్తుంది, అంటే 17 లైన్లు, పని సాఫీగా సాగాలంటే 18. అంటే 27 మీటర్ల బండి. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకు పొడవేమో 8 మీటర్లే. అసలు చిక్కు ఇక్కడే ఉంది. బరువంతా నడిమధ్యలో కూర్చుంటుంది, చక్రాలు మాత్రం 27 మీటర్ల పొడవునా సమానంగా పైకి నెడతాయి. ఫ్రేమ్ మధ్యలో కిందికి కుంగి, రెండు చివరలూ పైకి లేస్తాయి. లెక్క కష్టమేం కాదు: సరుకు మొత్తం బరువును ట్రైలర్ పొడవుకూ సరుకు ఆనే పొడవుకూ ఉన్న తేడాతో గుణించి 8తో భాగించాలి. 228 × 19 ÷ 8 అంటే సుమారు 541 టన్ను-మీటర్ల వంపు (ఫ్రేమ్‌ను వంచే ప్రభావం). అదే బీములు వేసి బరువును 14 మీటర్ల మేర పరిస్తే 370కి దిగుతుంది. అందుకే సరఫరాదారుణ్ని మొదట అడగాల్సింది ఫ్రేమ్ ఎంత వంపు తట్టుకుంటుంది, మాడ్యూళ్ళను కలిపే పిన్నుల దగ్గర ఎంత తట్టుకుంటుంది అన్నది. టీహెచ్‌పీ/ఎస్ఎల్ డబ్బు విలువ ఈ ఫ్రేమ్‌లోనే ఉంది. లోడ్ ఎక్కాక రెండు చివరలకూ దారం లాగి కట్టి, మధ్యలో ఎంత కుంగిందో కొలిచి రాసిపెట్టుకోవాలి. దారిలో ఆ కొలత పెరుగుతుంటే బండి ఆపాలి.

సస్పెన్షన్ మాత్రం చూడముచ్చటగా పనిచేస్తుంది. చక్రాల పైన ఉండే నూనె సిలిండర్లు మధ్యస్థానం నుంచి 300 మిల్లీమీటర్లు పైకీ, అంతే కిందికీ కదులుతాయి. గుంతలో ఒక చక్రం దిగితే అదే గ్రూప్‌లోని మిగతా సిలిండర్ల నుంచి నూనె అటు పారి బరువు సమంగానే ఉంటుంది. ఏ సిలిండర్ ఏ గ్రూప్‌లో ఉండాలో బాల్ వాల్వులతో మనమే నిర్ణయించాలి. మూడు గ్రూపులు చేస్తే ఫ్రేమ్ మెలిపడదు, ప్రెజర్ గేజీలు నిజం చెబుతాయి. కానీ బండి నిలిచేది త్రిభుజం మీద. కుడి ఎడమ సిలిండర్ల మధ్య 1.8 మీటర్లుంటే, సరుకు గరిమనాభి నుంచి ఒరిగే అంచుకు దూరం సుమారు 0.6 మీటర్లే. నాలుగు గ్రూపులైతే 0.9. గరిమనాభి 3 మీటర్ల ఎత్తులో ఉంటే, కాగితం మీద మొదటిది 11 డిగ్రీల దగ్గర, రెండోది 17 డిగ్రీల దగ్గర పడిపోతుంది. నడిపేటప్పుడు ఆ దరిదాపులకు పోనే కూడదు. ఎత్తైన సరుక్కి నాలుగు, పొడవుగా తక్కువ ఎత్తులో ఉన్నదానికి మూడు అన్నది మంచి పద్ధతి. వాలుగా ఉన్న మలుపులో పల్లం వైపు గేజ్ పెరుగుతుంటుంది. ఆపరేటర్ వెంటనే ఆ పక్క ఎత్తి మట్టం సరిచేయాలి. ఆపరేటర్ కన్ను గేజీ మీద లేకపోతే ఎంత ఖరీదైన ట్రైలరైనా ఒకటే.

స్టీరింగ్ సెట్టింగ్ దగ్గరే సిబ్బంది ఎక్కువగా తప్పుతారు. లైన్ల సంఖ్య మారినప్పుడల్లా టై రాడ్లను (చక్రాలను తిప్పే కడ్డీలను) చార్టు ప్రకారం వేరే రంధ్రాల్లోకి మార్చాలి. 12 లైన్ల అమరికతోనే 18 లైన్లు లాగితే చివరి చక్రాలు రోడ్డును గీకుతూ వస్తాయి, టైర్లు ఒక వారగా అరిగిపోతాయి. పంక్చర్ అయితే మాత్రం సులువు: ఆ యాక్సిల్ వాల్వు మూసి, సిలిండర్‌తో దాన్ని పైకి లాగి, సరుకు దించకుండానే టైరు మార్చేయొచ్చు.

మన వంతెనల కోడ్ ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 6లో ప్రత్యేక వాహనం అని ఒకటుంది: 18 టన్నుల లైన్లు 20, పుల్లర్‌తో కలిపి 385 టన్నులు. అది గంటకు 5 కిలోమీటర్లు మించకుండా, వంతెన మధ్య గీతకు 300 మిల్లీమీటర్లలోపే నడవాలి. మీద ఇంకో బండి ఉండకూడదు, బ్రేకు వేయకూడదు. ఇంత పొడవు బండిని ఆ గీత మీద నిలపడానికి వెనక చక్రాలను విడిగా తిప్పే మనిషి పక్కనే నడుస్తూ రావాలి. ఈ పనిలో టీహెచ్‌పీ/ఎస్ఎల్ తడబడదు.

విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీకి చేరిన సుమారు 2,200 టన్నుల రియాక్టర్ల లాంటివి దీని పని కాదు. వాటికి తనంతట తానే నడిచే ఎస్‌పీఎంటీ కావాలి.

చైన్ల విషయంలో ఒక్క మాట. ఇనుము మీద ఇనుము పెట్టి ఎన్ని చైన్లు బిగించినా జారే ప్రమాదం ఎక్కువ. మధ్యలో రబ్బరు మ్యాట్ వేస్తే ఘర్షణ గుణకం 0.6 దాకా తీసుకోవచ్చు, చైన్ల మీద భారం బాగా తగ్గుతుంది.

పాత ట్రైలర్ కొనేవాళ్ళు పెయింట్ చూడొద్దు. మాడ్యూళ్ళు కలిసే చెవుల (పిన్నులు దూరే భాగాల) చుట్టూ వెల్డింగ్ పగుళ్ళు, చక్రం తిరిగే బేరింగ్‌లో లూజు, హోస్ పైపుల మీద తయారీ తేదీ చూడండి. తర్వాత లోడుతో పైకెత్తి, వాల్వులన్నీ మూసి రాత్రంతా వదిలేసి పొద్దున నాలుగు మూలలూ కొలవండి. నూనె చల్లబడి అన్ని మూలలూ కాస్త సమంగా దిగితే పర్లేదు. ఒక మూలే ఎక్కువ దిగితే ఆ గ్రూప్‌లో సీలో వాల్వో కారుతోంది. ఆ సిలిండర్లన్నిటికీ సీల్ కిట్ల ఖర్చు తీసేసి ధర మాట్లాడండి.