పాత 1613 ముందు కమాన్లు, కింగ్ పిన్లు: ఏవి నిలిచాయి, ఏవి నిలవలేదు

మాది 2006 మోడల్ టాటా 1613 లారీ. విజయనగరం బండి. నాతవలస దగ్గర పెద్ద హైవే నుంచి విడిపోయే 26వ నంబరు రోడ్డు మీదే ఎక్కువగా తిరుగుతుంది. గజపతినగరం, రామభద్రపురం, సాలూరు దాటి ఘాట్ ఎక్కితే సుంకి, పొట్టంగి, అక్కణ్ణుంచి కొరాపుట్. పోయేటప్పుడు సిమెంటో ఇనుమో, వచ్చేటప్పుడు నవరంగపూర్ మొక్కజొన్న. ముందు చక్రాల ఇరుసు మొత్తం విప్పి కట్టించి నాలుగో ఏడు నడుస్తోంది. కొత్త సామాను మొదటి నెలలో అందరిదీ బాగానే ఉంటుంది కాబట్టి ఇన్నాళ్ళు ఆగి రాస్తున్నాను.

మా బావకీ ఇదే మోడల్ బండి ఉంది. రెండూ ఒకే సీజన్లో, ఒకే మేస్త్రి దగ్గర పనికి దిగాయి. సామాను మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకున్నాం. ఆయన కొన్నవాటిలో సగానికి పైగా నా వాటికంటే చవక. అందుకే ఏది ఎన్నాళ్ళు ఆగిందో పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు దొరికింది. ఆ చూపులో నాకు తేలింది ఇది: పార్టు ధర చూసి కాదు, ఆ పార్టుని మళ్ళీ విప్పాలంటే ఎంత కూలీ అవుతుంది, బండి ఎన్ని రోజులు ఆగుతుంది అన్నది చూసి కొనాలి. పావుగంటలో మార్చేసేదాన్ని చవకలో తెచ్చినా ఇబ్బంది లేదు. ఇరుసు దింపితే గానీ చేయి పెట్టలేనిదాన్ని మాత్రం అలా తేకూడదు.

ఆ లెక్కలో మొదట వచ్చేది కింగ్ పిన్ సెట్టు. ముందు చక్రం పక్కకి తిరిగేది ఈ నిలువు పిన్ను మీదే. పిన్ను తిరిగే లోహపు గొట్టాలు (బుష్‌లు), థ్రస్ట్ బేరింగ్ కూడా ఆ సెట్టులోనే వస్తాయి. అది పోయిందో లేదో తెలుసుకోవడం సులువే. జాకీ ఎత్తి టైరుని పైనా కిందా పట్టుకుని ఊపండి. ప్లే (వదులు కదలిక) కనిపిస్తే ఒకరిని బ్రేకు తొక్కమనండి. తొక్కినా ఊగుతుంటే కింగ్ పిన్ పోయినట్టు, తొక్కగానే ఆగిపోతే చక్రం నడుమ ఉండే హబ్ బేరింగ్ లూజు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా పిన్నులు మార్పించి, తర్వాత బేరింగ్ బిగిస్తే సరిపోయేదని తెలిసినవాళ్ళని చూశాను. మా బండికి బ్రేకు తొక్కినా ఊగింది. పైగా ఎడమ టైరు లోపలి అంచు అరిగి నున్నగా అయిపోయింది.

షాపులో మూడు రకాల సెట్లు ముందు పెట్టారు. డబ్బాలు అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. నేను వెర్నియర్ (సన్నటి కొలతలు చూసే పనిముట్టు) తీసుకెళ్ళాను. పిన్నుని రెండు చివర్లలోనూ, నడుమా, కొంచెం తిప్పి మళ్ళీ కొలిస్తే చవక సెట్టులో కొలత ఒక్కలా లేదు. తర్వాత ఆకురాయి. సరిగ్గా హార్డెనింగ్ చేసిన (గట్టిపరిచిన) పిన్ను మీద ఆకురాయి జారిపోతుంది, మెత్తటి పిన్నుని కొరుకుతుంది. అమ్మేవాడు ఒప్పుకోడు, నిజమే. కానీ నేను నిజంగా కొనేవాణ్ణని తెలిశాక చివరికి ఒప్పుకున్నాడు. బుష్‌ల విషయంలో రంగు చూడండి. మంచి బుష్‌లకి వాడే గన్‌మెటల్ (కంచు రకం) కొంచెం ఎర్రగా ఉంటుంది, మరీ పసుపుగా మెరుస్తుంటే ఇత్తడి అని అనుమానించాలి. ఉక్కు వీపు ఉన్న బైమెటల్ బుష్ అయితే అయస్కాంతం అంటుకుంటుంది, అది తప్పేం కాదు.

సెట్టు ఎంత మంచిదైనా రీమర్ (బెజ్జాన్ని సరైన కొలతకి చెక్కే పనిముట్టు) కొట్టేవాడి చేతిలోనే దాని ఆయుష్షు ఉంది. పై బుష్, కింది బుష్ రెండూ ఒకే గీతలో రావాలంటే పొడుగాటి రీమర్ ఒకటే రెండింట్లోంచీ పోవాలి. విడివిడిగా ఎమరీ పేపరుతో రుద్ది పిన్ను దూర్చేవాళ్ళు ఉన్నారు. ఆరోజు పిన్ను తిరుగుతుంది, స్టీరింగ్ మాత్రం బిర్రుగా ఉండి వంపు తిరిగాక వెనక్కి రాదు. మా మేస్త్రి ఈ విషయంలో మొండివాడు, రీమర్ లేత్ షాపు నుంచి తెప్పించే దాకా పని మొదలుపెట్టలేదు. థ్రస్ట్ బేరింగ్ సెట్టుతో వచ్చినది పక్కన పెట్టి పేరున్న కంపెనీది విడిగా కొన్నాను. ముందు బరువంతా దాని మీదే తిరుగుతుంది.

ఫలితం: నా పిన్నుల్లో ఇప్పటికీ చేతికి తెలిసేంత ప్లే లేదు. బావ బండిలో రెండో వానాకాలానికే వచ్చింది. గ్రీజ్ ఇద్దరం ఒకేలా పెట్టించేవాళ్ళం, చక్రం గాల్లోకి ఎత్తి, గ్రీజ్ బయటికి వచ్చేదాకా. కాబట్టి తేడా సామానుదే.

ఇక కమాన్లు, అంటే ఉక్కు పట్టీలు కట్టగా పేర్చిన స్ప్రింగులు. పాత పట్టీలకే వంపు పెట్టించుకుందామని చాలామంది అంటారు. కొలిమిలో కాల్చి వంపు పెడితే పట్టీకి టెంపర్ (స్ప్రింగు గుణం) పోతుంది. నూనెలో ముంచి మళ్ళీ టెంపర్ పెట్టే ఏర్పాటు లేనిచోట ఆ వంపు నాలుగు లోడ్లకే దిగిపోతుంది. కొత్తవే వేయించాను, జమ్నా కంపెనీవి, రెండు పక్కలా ఒకేసారి. ఒక పక్క కొత్తది, రెండో పక్క పాతది వేస్తే బండి ఒరిగి నడుస్తుంది. కొనేటప్పుడు నేను చూసినవి మూడు: కాటా మీద రెండు కట్టల బరువు, పట్టీ మందం, పట్టీ చివర పిన్ను దూరే చెవి గుండ్రంగా చుట్టి ఉందా లేదా. ఊరూపేరూ లేని కట్ట అదే సైజని చెప్పి ఇచ్చినా కాటా మీద తేలిక తూగింది. మంచి కంపెనీలు పట్టీ పై ముఖాన్ని చిన్న చిన్న ఉక్కు గుళ్ళతో కొట్టి గట్టిపరుస్తాయి, షాట్ పీనింగ్ అంటారు. లోడు పడ్డప్పుడు లాగుడు పడేది ఆ ముఖానికే, పగులు మొదలయ్యేదీ అక్కడే.

2018లో రెండు టైర్ల ఇరుసుకి (ముందు ఇరుసు అలాంటిదే) బరువు పరిమితి 6 టన్నుల నుంచి 7 టన్నులకి పెంచారు. అప్పట్నుంచి పాత బళ్ళకి కూడా ముందు ఒక పట్టీ అదనంగా వేయించుకోవడం మొదలైంది. నాకు నచ్చదు. ఇరుసు పాతదే, చక్రం బిగించే స్టబ్ యాక్సిల్ పాతదే, ఫ్రేమూ పాతదే. పట్టీ ఒక్కటి పెంచితే బండికి బలం రాదు, కుదుపు మాత్రం సూటిగా ఫ్రేముకీ డ్రైవరు నడుముకీ చేరుతుంది.

పట్టీలు మార్చినప్పుడు, కమాన్ చివరని ఫ్రేముకి కలిపే షాకిల్ పిన్నుల దగ్గర పొదుపు చేద్దామనుకుంటే మేస్త్రి అన్నమాట ఇది: "పట్టీలు కొత్తవేసి పిన్నులు పాతవుంచితే ఏటి లాభం బాబూ, పాత పిన్ను కొత్త బుష్షుని తినేస్తాది." పిన్నులూ మార్చాం.

కమాన్‌ని ఇరుసుకి కట్టే యూ బోల్టులు చిన్న సామాను అనుకుంటారు గానీ బావ బండికి పెద్ద దెబ్బ అక్కడే తగిలింది. పాతవే శుభ్రం చేసి బిగించారు. ఇరుసుని పట్టుకునేది కట్ట నడుమ బెజ్జంలో దూరే సెంటర్ బోల్టు కాదు, యూ బోల్టుల బిగింపు. సెంటర్ బోల్టు పట్టీలు పక్కకి జరగకుండా చూస్తుంది, అంతే. బిగింపు వదులైతే కట్ట నడుమ కదలడం మొదలవుతుంది, అప్పుడు సెంటర్ బోల్టు బెజ్జం దగ్గరే పట్టీ విరుగుతుంది. ఆయనకి సాలూరు ఘాట్ దిగుతుంటే మెయిన్ పట్టీ సరిగ్గా అక్కడే విరిగింది. దిగుడులో బ్రేకు మీద ఉన్న బండి, బరువంతా ముందుకి వచ్చి ఉంది. అదృష్టం కొద్దీ వేగం తక్కువ. (విరిగిన పట్టీని ఊళ్ళో కమ్మరి అడిగి తీసుకున్నాడు, కత్తులకి దాన్ని మించిన ఉక్కు లేదట.) నేను హై టెన్సిల్ (ఎక్కువ లాగుడు తట్టుకునే) రకం కొత్తవి వేయించి, మొదటి వెయ్యి కిలోమీటర్ల లోపు లోడు మీద మళ్ళీ బిగించాను. ఆ మొదటి బిగింపులో నట్టు కొంత తిరుగుతుంది, తిరగకపోతేనే ఆశ్చర్యం.

స్టీరింగ్ రాడ్ల చివర ఉండే బాల్ జాయింట్లు రాణే కంపెనీవి, హబ్ బేరింగులు ఎన్‌బీసీ కంపెనీవి. వీటి గురించి చెప్పడానికేమీ లేదు, పేచీ పెట్టలేదు. పని అయ్యాక టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు కొంచెం లోపలికి ఉండే కొలత) పెట్టించడం మరవకండి. అది లేకపోతే కొత్త టైర్లే మొదట పోతాయి.

షాక్ అబ్జార్బర్లలో మాత్రం ఎక్కువ ధర పెట్టినందుకు ఫలితం కనిపించలేదు. ఖరీదైన జతలో ఒకటి ఏడాది దాటగానే ఆయిల్ కారింది. తర్వాత మామూలు రకం వేశాను, అది ఇంకా నడుస్తోంది. రబ్బరు బుష్‌లు ఎవరివైనా ఒకటే, ఎండకి పగులుతాయి, మారుస్తుంటాం. గ్రీజ్ నిపిల్స్ కూడా అంతే. వీటికి కంపెనీ డబ్బా కోసం విశాఖ ఆటోనగర్ దాకా పోనక్కర్లేదు.

ఆటోనగర్ అంటే గుర్తొచ్చింది. కంపెనీ డబ్బాలో వేరే సరుకు పెట్టి అమ్మడం ఉంది. హోలోగ్రామ్ చూడండి, లేబుల్ మీద పార్ట్ నంబరూ ఎమ్మార్పీ సరిగ్గా అచ్చయ్యాయో లేదో చూడండి, బిల్లు అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. బిల్లు వదులుకుంటే మిగిలేది ఇప్పుడు ఇంకా తక్కువ, వదులుకున్నాక పిన్ను మెత్తదని తేలితే వెనక్కి ఇవ్వడానికి చేతిలో కాయితం ఉండదు.

ఎనిమిదేళ్ళు దాటిన బండి కాబట్టి ఏటా ఫిట్‌నెస్‌కి వెళ్ళాల్సిందే. ఈ పని చేయించాక ముందు చక్రాల గురించి అక్కడ ఎవరూ మాట అనలేదు. డ్రాగ్ లింక్ (స్టీరింగ్ నుంచి చక్రం వైపు పోయే రాడ్డు) చివర కొంచెం ప్లే మొదలైంది, మొక్కజొన్న సీజన్ అవగానే మార్పిస్తాను. బావ కింగ్ పిన్ సెట్టు రెండోసారి మార్పిస్తున్నాడు, ఈసారి వెర్నియర్ నా దగ్గర అడిగి తీసుకెళ్ళాడు.