జోన్ ప్యానెలా, అడ్రసబులా? ఫాల్టు వెతికేవాడి వైపు నుంచి చూస్తే

సెక్యూరిటీ గదిలో ఫైర్ అలారం ప్యానెల్ మీద ఏదో చెడిందని చెప్పే పసుపు దీపం వెలిగి నెలలు గడిచాక ఎవరో ఒకరు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడతారు. సర్వీసు మనిషి వస్తాడు. రెండు నిమిషాలు చూసి, "ఇది పాత కన్వెన్షనల్ సార్, స్పేర్లు దొరకడం కష్టం, అడ్రసబుల్‌కి వెళ్ళిపోండి" అంటాడు. మర్నాటికి లక్షల్లో కొటేషన్. జనరల్ బాడీలో సగం మంది "ప్రాణాల విషయం, పెట్టాల్సిందే" అంటారు, మిగతా సగం "ఇన్నేళ్లూ ఏమీ కాలేదుగా" అంటారు. ఆ పసుపు దీపం అసలు దేనికి వెలిగిందో మాత్రం ఎవరూ అడగరు.

కన్వెన్షనల్ అంటే జోన్ ప్యానెల్: తప్పు ఏ జోన్‌లో, అంటే ఏ డిటెక్టర్ల గుంపులో ఉందో మాత్రమే చెబుతుంది. అడ్రసబుల్‌లో ప్రతి డిటెక్టర్‌కీ విడిగా ఒక నంబరు ఉంటుంది. నిప్పును పసిగట్టే పనిలో ఈ రెండు రకాలకీ పెద్ద తేడా లేదు. మన కారిడార్లలో ఉండే పొగ డిటెక్టర్ ఏ రకం ప్యానెల్‌కి తగిలించినా లోపల జరిగేది ఒకటే: చిన్న చీకటి అరలో ఎల్ఈడీ వెలుతురు ఉంటుంది, పొగ దూరితే అది చెదిరి సెన్సర్ మీద పడుతుంది. తేడా అంతా చెడిపోయినప్పుడు బయటపడుతుంది. ఎక్కడ చెడిందో కనిపెట్టడానికి ఎంతసేపు పడుతుంది, ఎన్ని తలుపులు కొట్టాలి, ఆ పని మన ఎలక్ట్రీషియన్ వల్ల అవుతుందా లేక కంపెనీవాడే రావాలా? ఏది మేలో నేను వీటిని బట్టే చెబుతాను.

ముందు రెండింటికీ ఉమ్మడిగా వచ్చే జబ్బులు చూద్దాం, ఎందుకంటే చాలా పసుపు దీపాల కథ ఇక్కడే తేలిపోతుంది. ప్యానెల్ డబ్బా అడుగున రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి, చిన్న ప్యానెళ్ళలో ఎక్కువగా 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) సామర్థ్యానివి. వాటి ఆయుష్షు మూడు నుంచి ఐదేళ్లు, గాలాడని గదిలో ఇంకా తక్కువ. కరెంటు ఉన్నప్పుడు మీటరు పెడితే 27 వోల్టుల దాకా చూపించి దిట్టంగా ఉన్నట్టు నటిస్తాయి, కానీ అది చార్జర్ ఇచ్చే వోల్టేజీ. ప్యానెల్‌కి వచ్చే మెయిన్ సప్లయి ఆపి, కాసేపు బ్యాటరీల మీదే నడిపి, అప్పుడు కొలవండి. గబగబా 21 కిందికి జారిందంటే మీకు కావాల్సింది కొత్త ప్యానెల్ కాదు, కొత్త బ్యాటరీ జత. రెండూ ఒకేసారి మార్చాలి, ఒకటి పాతది ఉంచేస్తే అది కొత్తదాన్ని కూడా చెడగొడుతుంది. మార్చిన తేదీ మార్కర్‌తో బ్యాటరీ మీదే రాసేయండి.

రెండోది వానాకాలపు ఎర్త్ ఫాల్టు, అంటే తీగలోంచి కరెంటు ఎర్త్‌కి కారడం. సెల్లార్‌లో జంక్షన్ బాక్సులోకి నీళ్లు దిగడం, స్క్రూ కింద వైరు తోలు నలిగి ఇనుముకి తగలడం లాంటివి. అడ్రసబుల్ ప్యానెల్ అయినా దీనికి ఎక్కువగా 'ఎర్త్ ఫాల్ట్' అని రాసి ఊరుకుంటుంది, ఏ డిటెక్టర్ దగ్గరో చెప్పదు. ఏ రకమైనా పని ఒకటే: ప్యానెల్ దగ్గర ఒక్కో జోన్ వైర్లు, లేదా ఒక్కో లూప్ (అడ్రసబుల్‌లో చుట్టూ తిరిగి ప్యానెల్‌కే వచ్చే తీగ) రెండు కొసలూ విప్పుకుంటూ పోవాలి. ఏది విప్పితే దీపం ఆరిందో జబ్బు అందులో ఉంది. ఇక్కడ ఒక జాగ్రత్త. డిటెక్టర్లు బేసుల్లో (సీలింగుకి బిగించిన అడుగు భాగాల్లో) ఉండగానే మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో వైరు ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టేవాళ్ళున్నారు. ఆ 500 వోల్టులకి లైనులో ఉన్న డిటెక్టర్లు పోతాయి, ఒక ఫాల్టు వెతకబోయి పదహారు కొనుక్కోవాల్సి వస్తుంది.

ఈ రెండూ, హూటర్ (అలారం మోత మోగించే సైరన్) లైను కూడా చూశాకే డిటెక్టర్ల లైన్ల సంగతి. అక్కడి నుంచి దారులు చీలతాయి.

జోన్ ప్యానెల్‌లో వెతకడం

జోన్ అంటే ప్యానెల్ నుంచి బయల్దేరి డిటెక్టర్ తరవాత డిటెక్టర్‌ని తాకుతూ పోయే రెండు తీగలు, చివర ఒక రెసిస్టర్. కొన్ని కంపెనీలకి 4.7 కిలో ఓమ్‌లు, కొన్నిటికి 3.9, కొన్నిటికి 10. ప్యానెల్ ఆ రెసిస్టర్ గుండా ఎప్పుడూ కొంచెం కరెంటు పంపిస్తూ ఉంటుంది. అది ఆగిపోతే వైరు తెగిందని, నిర్ణీత స్థాయికి పెరిగితే నిప్పని, మరీ పెరిగితే షార్టని అనుకుంటుంది. కొన్ని పాతవాటికి షార్టుకీ నిప్పుకీ తేడా తెలియదు. లైను మధ్యలో ఒక హెడ్ (బేసులో తిప్పి బిగించే డిటెక్టర్ భాగం) ఊడితే, దాని అవతలివన్నీ పోయినట్టే లెక్క. ప్యానెల్ చెప్పేది మాత్రం ఒక్క మాట: జోన్ 3 ఫాల్టు.

ఇంత తక్కువ సమాచారంతో ఎలా వెతుకుతారంటే, మా పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. ముందు ప్యానెల్ దగ్గరే జోన్ 3 వైర్లు విప్పి, వాటి స్థానంలో అదే విలువ ఉన్న రెసిస్టర్ బిగిస్తాం. పసుపు దీపం ఆరితే ప్యానెల్ మంచిదే, తప్పు బయట లైనులో ఉంది. (స్పేర్లు దొరకవన్న మాట ఇక్కడే సగం వీగిపోతుంది.) తరవాత మొదటి డిటెక్టర్ నుంచి కాకుండా నేరుగా లైను మధ్యలో ఉన్న డిటెక్టర్ దగ్గర నిచ్చెన వేస్తాం. బేసులోంచి ముందుకు పోయే వైరు విప్పి, ఆ చోట రెసిస్టర్ పెడతాం. కింద సెక్యూరిటీ గదిలో ఉన్నవాడు "క్లియరైంది అన్నా" అంటే ఈ సగం బాగున్నట్టు, లోపం అవతలి సగంలో ఉన్నట్టు. మళ్ళీ ఆ సగంలో సగం. 16 డిటెక్టర్ల లైనయినా నాలుగైదు సార్లు నిచ్చెనెక్కితే తేలిపోతుంది. కావలసింది మల్టీమీటర్, పది రూపాయల రెసిస్టర్, ఫోనులో మాట్లాడే మనిషి. మీ బిల్డింగు ఎలక్ట్రీషియన్‌కి ఒకసారి పక్కన నిలబెట్టి చూపిస్తే చాలు.

చివరికి దొరికేవి కూడా సాదా విషయాలే. రంగులు వేసినప్పుడు తీసిన హెడ్‌ని సరిగ్గా తిప్పి బిగించకపోవడం, ఫాల్స్ సీలింగ్ కొట్టిన కార్పెంటర్ స్క్రూ వైరులో దిగడం, బేసులో టెర్మినల్ వదులవడం. కట్టినప్పుడు దుమ్ము పడకుండా వేసిన ప్లాస్టిక్ మూతని అసలు తీయని డిటెక్టర్లు కూడా ఈ తిరుగుడులోనే కనిపిస్తాయి. దానికి ఏ ప్యానెల్లోనూ ఫాల్టు రాదు. కరెంటు పరంగా అది ఆరోగ్యంగానే ఉంటుంది, పొగే లోపలికి పోదు.

అయితే ఈ పద్ధతి పనిచేసేది డిటెక్టర్లన్నీ కారిడార్లో ఉంటేనే. ఫ్లాట్ల లోపల కూడా ఉంటే కథ అడ్డం తిరుగుతుంది. 302 వాళ్ళు ఆఫీసుకి పోయారు, 303 ఓనర్లు డాలస్‌లో ఉన్నారు, 304లో అద్దెకి ఎవరూ లేరు. తలుపు పైన రెస్పాన్స్ ఇండికేటర్ దీపం ఉంటుంది కదా అంటారు. అది లోపలి డిటెక్టర్ పొగ చూసినప్పుడు వెలుగుతుంది, వైరు తెగినప్పుడు కాదు. ఇలాంటి బిల్డింగులో జోన్ ప్యానెల్ ఫాల్టు వెతకడమంటే తాళంచెవుల కోసం వారం రోజులు ఫోన్లు చేయడమే.

అడ్రసబుల్‌లో వెతకడం

ఇందులో ప్రతి డిటెక్టర్‌కీ, గోడ మీది కాల్ పాయింట్‌కీ (మంట చూసినవాళ్ళు నొక్కే అలారం బాక్సుకీ) ఒక నంబరు ఉంటుంది. ప్యానెల్ ఒక్కోదాన్నీ వరసగా పిలుస్తుంది, పలకనిదాని పేరు తెర మీద వేస్తుంది: 'లూప్ 1, 047, బి బ్లాక్ 403 హాలు, నో రెస్పాన్స్.' నిచ్చెన నేరుగా 403కి పోతుంది, తట్టాల్సింది ఒకే తలుపు. తీగ ప్యానెల్ నుంచి బయల్దేరి చుట్టూ తిరిగి మళ్ళీ ప్యానెల్‌కే వస్తుంది కాబట్టి ఒకచోట తెగినా రెండు వైపుల నుంచీ అన్నీ పలుకుతాయి. షార్టయితే మధ్య మధ్య పెట్టిన ఐసొలేటర్లు ఆ ముక్కని మాత్రం విడదీస్తాయి.

కనపడీ కనపడని ఫాల్టుల్లో ఇది ఇంకా ముందుంటుంది. రోజూ తెల్లారుజామున కాసేపు వచ్చి పోయే ఫాల్టుందనుకోండి. జోన్ ప్యానెల్లో వాచ్‌మన్ చెప్పిందే చరిత్ర: "అది రోజూ అంతే సార్, కాసేపు మొత్తుకొని ఊకుంటది." అడ్రసబుల్లో తేదీ, టైముతో లాగ్ ఉంటుంది. 6.10కి 022, మర్నాడు 6.15కి మళ్ళీ 022 అని కనిపిస్తే, ఆ వేళకి కారిడార్ కడిగే నీళ్లు ఎక్కడికి పోతున్నాయో చూడాలని తట్టుతుంది. దుమ్ము పట్టిన డిటెక్టర్ తప్పుడు అలారం కొట్టకముందే 'శుభ్రం చేయండి' అని చెప్పే సదుపాయం కూడా చాలా వాటిలో ఉంది. (ప్యానెల్ గడియారం సరైన టైములో ఉందో లేదో ముందు చూసుకోండి. చాలా చోట్ల ఉండదు.)

గృహప్రవేశం హోమం రోజున తేడా ఇంకా తెలుస్తుంది. అడ్రసబుల్లో ఆ ఒక్క ఫ్లాట్ డిటెక్టర్‌ని పూట పాటు ఆపి, తరవాత తిరిగి పెట్టొచ్చు. జోన్ ప్యానెల్లో అంతస్తు మొత్తాన్ని ఆపాలి. దోమల ఫాగింగ్ పొగకీ, బండ్ల పొగకీ విసిగి సెల్లార్ జోన్‌ని పూర్తిగా ఆపి మరిచిపోయిన బిల్డింగులు మన చుట్టూనే ఉన్నాయి. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్ అపార్ట్‌మెంట్లో తొమ్మిది మందిని బలిగొన్న మంటలు లేచింది కింది అంతస్తులోనే. పార్కింగులో పొగ డిటెక్టర్ల బదులు వేడికి స్పందించే హీట్ డిటెక్టర్లు పెట్టించుకుంటే జోన్ ఆపే అవసరమే రాదు, ప్యానెల్ ఏ రకమైనా సరే.

మరి ఇన్ని సుఖాలుంటే అందరూ అడ్రసబులే పెట్టుకోవచ్చుగా? ఇక్కడే చిక్కు. పేర్లు ఎక్కించని ప్యానెల్ తెర మీద '047' అని మాత్రమే వస్తుంది, 047 ఎక్కడుందో చెప్పే కాగితం బిల్డర్ పోయినప్పుడే పోయింది. అప్పుడు ఈ ఖరీదైన యంత్రం జోన్ ప్యానెల్ కంటే అధ్వాన్నం, ఎందుకంటే అక్కడ కనీసం ఏ అంతస్తో తెలిసేది. డిటెక్టర్ మార్చినవాడు నంబరు స్విచ్చులు చూసుకోకుండా ఇంకోదాని నంబరే పెడితే రెండూ కలిసి పలికి, ప్యానెల్ వింత వింత ఫాల్టులు చూపిస్తుంది. ఒక కంపెనీ ప్యానెల్‌తో ఇంకో కంపెనీ డిటెక్టర్లు మామూలుగా మాట్లాడవు, కాబట్టి ఈరోజు ఎవరి దగ్గర కొన్నారో రేపటి ధర కూడా వాళ్ళే చెబుతారు. పాస్‌వర్డ్ సర్వీసువాడి జేబులో ఉంటుంది. ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) మానేస్తే ఒక డిటెక్టర్ పేరు మార్చడానికి కూడా దిక్కుండదు.

ఇంకో మోసం ఉంది, ఇది కంపెనీలది కాదు, లూప్‌ది. ఒకచోట తెగినా అన్నీ పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి 'లూప్ ఓపెన్' ఫాల్టుని ఎవరూ పట్టించుకోరు. కొన్నాళ్లకి రెండో చోట తెగుతుంది, ఆ రెండింటి మధ్యవన్నీ ఒక్కసారిగా మూగబోతాయి. జోన్ ప్యానెల్లో మొదటి దెబ్బకే నష్టం మొదలవుతుంది, అడ్రసబుల్లో మొదటి దెబ్బ అంటే బాగుచేసుకోవడానికి దొరికిన గడువు. ఆ గడువుని వాడుకునే అలవాటున్న అసోసియేషన్‌కే అది మేలు.

ఎవరికి ఏది

ఐదంతస్తులు, ఒకే బ్లాకు, డిటెక్టర్లు కారిడార్లలోనే ఉంటే జోన్ ప్యానెల్ చాలు, మార్చకండి. అంతస్తుకో జోన్, సెల్లార్‌కి విడిగా ఒకటి, ఏ జోన్ చివరి రెసిస్టర్ ఏ బేసులో ఉందో రాసిన చార్టు ప్యానెల్ తలుపు లోపల అంటించండి. ఫ్లాట్ల లోపలా డిటెక్టర్లుండి, బ్లాకులు రెండు మూడు దాటితే అడ్రసబుల్, అందులో నాకు రెండో మాట లేదు. వైర్‌లెస్ గురించి కూడా అడుగుతుంటారు. వైరు లాగడానికి వీల్లేని చోట ఫరవాలేదు గానీ, ప్రతి హెడ్‌కీ బ్యాటరీలు మార్చుకుంటూ పోవాలి, కాంక్రీటు గోడల మధ్య సిగ్నల్ బాధ ఉండనే ఉంది.

మార్చాలనే నిర్ణయించుకున్నా ముందు వైరింగు పరీక్ష చేయించండి, డిటెక్టర్లు తీసేసి, అప్పుడు మెగ్గర్‌తో. పాత వైరులోంచి ఎర్త్‌కి కారుతుంటే కొత్త ప్యానెల్ మొదటి రోజే అదే పసుపు దీపం వెలిగిస్తుంది. అలారం వస్తే ఫోన్లు చేసే డయలర్ పెట్టుకునేవాళ్ళు దాన్ని ఫైర్ రిలేకే (అలారం వస్తే పనిచేసే స్విచ్చుకే) కాకుండా ఫాల్టు రిలేకి కూడా కలపమనాలి, లేకపోతే ప్యానెల్ చచ్చిపోయిన సంగతి ఎవరికీ ఫోను రాదు. అందులోని సిమ్ రీచార్జి ఎవరి బాధ్యతో మినిట్స్‌లో రాసుకోండి.

అడ్రసబుల్ కొటేషన్ మీద సంతకం పెట్టేముందు రాతపూర్వకంగా అడగాల్సినవి: ఫ్లాటు నంబర్లతో డివైస్ జాబితా, లూప్ ఏ దారిన పోయిందో డ్రాయింగు, ఐసొలేటర్లు ఎక్కడెక్కడున్నాయో, ప్యానెల్ ప్రోగ్రామ్ బ్యాకప్, అన్ని స్థాయిల పాస్‌వర్డులు. ఇవి ఇవ్వనన్నవాడి కొటేషన్ ఎంత తక్కువున్నా పక్కన పెట్టేయొచ్చు.