పదకొండేళ్లుగా నా ఆస్టిన్ సెవెన్, పావు తిప్పు నట్టు

ఇంగ్లండ్‌లోని సర్రేలో ఉంటాను. 1930 నాటి ఆస్టిన్ సెవెన్ అనే చిన్న బ్రిటిష్ కారు కొని పదకొండేళ్లయింది. ఇంజిన్, మైలేజీ సంగతులు ఈ బళ్ల మీద మోజున్నవాళ్లకు తెలిసినవే. నేను మనసు పారేసుకున్నది మాత్రం దాని షాక్ అబ్జార్బర్ల మీద, అంటే గతుకుల్లో బండి ఊపును అణిచే భాగాల మీద.

ఆయిల్ లేదు, గ్యాస్ లేదు. రెండు ఇనుప చేతులు, మధ్యలో రాపిడి బిళ్లలు, అన్నిటినీ పట్టి ఉంచే ఒక నట్టు. చక్రం లేచినప్పుడల్లా చేతులు కత్తెరలా కదులుతాయి, బిళ్లలు ఒరుసుకుని ఆ ఊపును తినేస్తాయి. పానాతో పావు తిప్పు తిప్పితే చాలు, బండి నడకే మారిపోతుంది! ఇంత సుళువైన ఏర్పాటు మరే బండిలోనూ చూడలేదు.

పాత రేసు ట్రాక్ ఉన్న బ్రూక్‌లాండ్స్ మ్యూజియం మాకు దగ్గరే. అక్కడ నేపియర్-రైల్టన్ అనే రేసు కారును చూశాక నాకు పిచ్చి పట్టింది. 1935లో జాన్ కాబ్ దాన్ని గంటకు 143.44 మైళ్ల సగటుతో ఆ ట్రాక్ చుట్టూ తిప్పాడు. వే నది వంతెన దగ్గరి మిట్ట మీద అంత బరువైన బండి కూడా గాల్లోకి లేచేది. నా బండి కూడా రేసు బండిలా ఉండాలని, ఇంటికొచ్చి షాక్ అబ్జార్బర్ల నట్లన్నీ గట్టిగా బిగించేశాను. మలుపుల్లో ఊగడం ఆగింది. స్నేహితులందరికీ అదే సలహా ఇచ్చాను.

ఆరు నెలలయ్యాక ముందువైపు ఎడమ టైరు మీద చెయ్యి పెడితే, జానెడుకో చోట పల్లం తగిలింది. గ్యారేజీలో బ్యాలెన్సింగ్ లోపమన్నారు. కొత్త టైరు వేయించాను. మూడు నెలలకే మళ్లీ అవే పల్లాలు. ఒకరోజు సాయంత్రం బండి ముందు భాగాన్ని రెండు చేతులతో నొక్కాను, కదల్లేదు. ఒళ్లంతా బరువు వేస్తే కిర్రుమని ఒక్క కుదుపుతో దిగింది. అప్పుడు తెలిసింది. ఈ బిళ్లలకు కదలిక మొదలయ్యేటప్పుడే పట్టు ఎక్కువ. చిన్న గతుకులకు అవి జారవు, కమాన్ కట్ట (బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగ్) వంగదు, దెబ్బంతా టైరే తింటుంది. అలా బండి టైర్లలోని గాలి మీదే బంతిలా ఎగిరింది, దిగిన చోటల్లా రబ్బరు అరిగింది.

నట్లు సడలించి, ఇనుప చేతి చివర స్ప్రింగ్ కాటా తగిలించి, రెండు వైపులా ఒకే లాగుడుకు కదిలేలా సరిచేశాను. ఆ తర్వాత వేయించిన టైరు నాలుగేళ్లుగా సమానంగా అరుగుతోంది.

రికార్డు బండి లెక్క వేరు. 1935 సెప్టెంబరులో అమెరికాలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో బ్రిటిష్ రేసర్ మాల్కమ్ కాంప్‌బెల్ గంటకు 301 మైళ్ల వేగం దాటిన రోజున, మొదటి పరుగు చివర ముందు టైరు పేలింది. టైర్లు మార్చుకుని గంటలోపే తిరుగు పరుగు పూర్తి చేశాడు. టైరు కొద్ది నిమిషాలు నిలిస్తే అక్కడ పని జరిగిపోతుంది. నా టైరు ఏళ్ల తరబడి నడవాలి.

సుళువు అన్నాను కానీ, బిళ్లల్లోకి వాన నీళ్లు, ఇసుక చేరితే పట్టు మారుతుంది, మళ్లీ కాటా తియ్యాలి. ఆదివారాలు ఇరవై మైళ్లు, ఎక్కువగా ఒక్కడినే, పొడి రోడ్ల మీద తిరుగుతాను కాబట్టి నాకు సరిపోయింది. రోజూ ఆఫీసుకు వెళ్లాలన్నా, చిన్నపిల్లలతో తిరగాలన్నా కొనమని చెప్పలేను. నాలాగే తీరిక ఉండి, చేతికి గ్రీజు అంటినా ఫర్వాలేదనుకుంటే, ముందు ఎవరి బండైనా ఒక పూట నడిపి చూడండి. బయల్దేరే ముందు బానెట్ మీద చెయ్యి వేసి నొక్కడం మరవకండి.